ముప్పు అంచనా పద్ధతులు: నేర న్యాయం, వైద్యం, పర్యావరణ భద్రత, పిల్లల సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పు అంచనా అంటే ఏమిటి?

ఒక హాని జరిగే అవకాశం ఎంత, జరిగితే ఎంత తీవ్రంగా ఉంటుంది, ఎవరి మీద పడుతుంది, దాన్ని తగ్గించడానికి ఏం చేయవచ్చు అన్న నాలుగు ప్రశ్నలకు ఆధారాలతో, ఒక క్రమంలో జవాబు వెతకడమే ముప్పు అంచనా. బెయిల్ కోరుతున్న నిందితుడు విచారణకు తిరిగి వస్తాడా, వార్డులో ఉన్న రోగి పరిస్థితి ఈ రాత్రి విషమిస్తుందా, తాగునీటిలో కనిపించిన రసాయనం ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందా, ఫిర్యాదు వచ్చిన ఇంట్లో పసిబిడ్డ క్షేమంగా ఉందా అన్నవి వేర్వేరు కార్యాలయాల్లో వేర్వేరు మనుషులు అడిగే ప్రశ్నలు. అయినా వీటన్నిటికీ ఇబ్బంది ఒక్కటే. జరగబోయేది ఎవరికీ తెలియదు, నిర్ణయం మాత్రం ఇప్పుడే తీసుకోవాలి.

పై నాలుగు ప్రశ్నల్లో చివరిదే అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. అవకాశం ఎంతో చెప్పి, ఏం చేయవచ్చో చెప్పని అంచనా సగంలో ఆగిపోయిన పని.

హానికారకం, ముప్పు రెండూ ఒకటి కావా?

కావు. మూత బిగించి, తాళం వేసిన అలమరాలో పెట్టిన ఆమ్లం సీసా హానికారకమే, కానీ దానివల్ల కలిగే ముప్పు చాలా తక్కువ. అదే సీసాను మూత తీసి పిల్లల చేతికి అందే చోట పెడితే ఆమ్లం మారలేదు, ముప్పు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. హాని చేయగల గుణానికి తోడు ఎవరికో ఒకరికి అది సోకే దారి కూడా ఉంటేనే ముప్పు ఏర్పడుతుంది.

ఏయే రకాల పద్ధతులు వాడుకలో ఉన్నాయి?

స్థూలంగా మూడు రకాలున్నాయి. మొదటిది నిపుణుడు తన చదువునూ అనుభవాన్నీ బట్టి ఏ కొలబద్దా లేకుండా చెప్పే తీర్పు. రెండోది గణాంక పద్ధతి. గతంలో ఇలాంటి లక్షణాలున్నవారిలో ఎంతమందికి ఏం జరిగిందో లెక్కించి, ఒక్కో లక్షణానికి కొన్ని మార్కులు వేసి కూడుతారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన సమాజ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బర్గెస్ 1928లో ఇలినాయ్ రాష్ట్రంలోని మూడు జైళ్ళ నుంచి పెరోల్ మీద విడుదలైన 3,000 మంది రికార్డులను పరిశీలించి, 21 అంశాలతో ఇటువంటి పట్టికను తయారుచేశాడు. నేడు కోర్టుల్లో కనిపించే స్కోర్లకు మూలరూపం అదే.

మూడోది ఈ రెండింటినీ కలిపిన నిర్మాణబద్ధ వృత్తి నిర్ణయం. ఏయే అంశాలు తప్పక చూడాలో మార్గదర్శి చెబుతుంది, కానీ వాటిని కూడి ఒక అంకెగా తేల్చదు. హింసకు పాల్పడే ముప్పును అంచనా వేసే హెచ్‌సీఆర్-20 ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. అందులో గతానికి సంబంధించినవి 10, ప్రస్తుత మానసిక స్థితికి సంబంధించినవి 5, రాబోయే రోజుల నిర్వహణకు సంబంధించినవి 5, మొత్తం 20 అంశాలుంటాయి. వాటన్నిటినీ చూశాక, ఏ పరిస్థితుల్లో ఏ రకమైన హింస జరగవచ్చో, దాన్ని ఆపడానికి ఏం చేయాలో నిపుణుడు రాయాలి.

పరిశ్రమల్లో ఎక్కువగా కనిపించే ముప్పు పట్టిక నాలుగో రకం కాదు. ఒక వైపు అవకాశం, మరో వైపు తీవ్రత వేసి, గళ్ళకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పూసే ఆ పట్టిక చర్చకు పనికొస్తుంది. కానీ ఒకే గడిలో పడిన రెండు ముప్పులు నిజానికి పదింతల తేడాతో ఉండవచ్చు కాబట్టి దాన్నే తుది తీర్పుగా తీసుకోకూడదు.

అనుభవజ్ఞుడి అంచనా కంటే లెక్క నిజంగా మెరుగైనదా?

చాలా సందర్భాల్లో అవును. అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ మీల్ 1954లో ఈ పోలికను ఒక పుస్తకంగా ప్రచురించినప్పటి నుంచి, సాదాసీదా సూత్రాలు నిపుణుల అంచనాలతో సమానంగానో, వాటికంటే కొంత మెరుగ్గానో ఉంటాయని అనేక రంగాల్లో పదే పదే తేలింది. దీనికి కారణం నిపుణులకు తెలివి లేకపోవడం కాదు. ఒకే ఫైలును ఉదయం ఒకలా, సాయంత్రం అలసటతో మరోలా చదవడం మనిషి సహజం. పైగా తన అంచనా తప్పో ఒప్పో తెలుసుకునే అవకాశం నిపుణుడికి తరచుగా దొరకదు. బెయిల్ నిరాకరించిన వ్యక్తిని వదిలి ఉంటే ఏం చేసేవాడో న్యాయమూర్తికి ఎప్పటికీ తెలియదు కదా.

అయితే సూత్రానికి తెలియని సంగతి ఒకటి నిపుణుడికి తెలియవచ్చు. మీల్ స్వయంగా ఇచ్చిన ఉదాహరణలో, ఫలానా వ్యక్తి ఫలానా రోజు సినిమాకు వెళ్తాడని లెక్క చెబుతుంది, కానీ అతని కాలు విరిగి కట్టులో ఉందని తెలిస్తే లెక్కను పక్కన పెట్టాల్సిందే. చిక్కు ఏమిటంటే, లెక్కను పక్కన పెట్టాలనిపించిన ప్రతిసారీ మన దగ్గర ఉన్నది విరిగిన కాలు అంతటి గట్టి ఆధారం కాకపోవచ్చు. అందుకే స్కోరును కాదని నిర్ణయం తీసుకున్నప్పుడల్లా కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలన్న నియమం అవసరం.

ముప్పు ఎక్కువ అని స్కోరు వస్తే ఆ హాని జరిగి తీరుతుందనే కదా?

కానే కాదు. ఈ ఒక్క అపోహ వల్ల జరిగే అన్యాయం చాలా ఎక్కువ కాబట్టి, దీన్ని లెక్కతోనే చూద్దాం. 1,000 మంది ఉన్నారనుకోండి, వారిలో రాబోయే ఏడాదిలో తీవ్రమైన హింసకు పాల్పడేవారు 20 మంది అనుకోండి. మన సాధనం ఆ 20 మందిలో 80 శాతాన్ని, అంటే 16 మందిని సరిగ్గా పట్టుకుంటుంది. మిగిలిన 980 మందిలో 10 శాతం మందిని మాత్రమే పొరపాటున ప్రమాదకరమని చెబుతుంది. వినడానికి ఇది మంచి సాధనమే. కానీ 980లో 10 శాతం అంటే 98 మంది. సాధనం ఎర్రజెండా ఊపిన 114 మందిలో నిజంగా హింసకు పాల్పడబోయేవారు 16 మంది, అంటే సుమారు 14 శాతం. తక్కిన 98 మంది ఎవరికీ ఏ హానీ చేయబోనివారు.

జరిగే సంఘటన ఎంత అరుదైనదైతే ఈ తప్పుడు హెచ్చరికల వాటా అంత పెరుగుతుంది. మొత్తం జనంలో ఆ సంఘటన ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే సంఖ్యను మూల రేటు అంటారు. అది తెలియకుండా ఏ స్కోరునూ అర్థం చేసుకోలేం. ఇక స్కోరు చెప్పేది ఒక గుంపు గురించి. ఈ లక్షణాలున్న 100 మందిలో 14 మంది అని చెప్పగలదే తప్ప, ఎదురుగా కూర్చున్న మనిషి ఆ 14 మందిలో ఉన్నాడో, 86 మందిలో ఉన్నాడో చెప్పలేదు.

సాపేక్ష సంఖ్యల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ముప్పు రెట్టింపయిందని విన్నప్పుడు అది 10,000 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరిగిందా, 10 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరిగిందా అని అడగాలి.

నేర న్యాయ వ్యవస్థలో ఏయే అంశాలను చూస్తారు?

అంశాలను మారనివి, మారేవి అని రెండుగా విడదీస్తారు. మొదటి నేరం నాటి వయసు, గత శిక్షల సంఖ్య వంటివి మారవు. మద్యం, మాదకద్రవ్యాల వాడకం, ఉపాధి, స్నేహితులు, కోపాన్ని అదుపు చేసుకునే శక్తి వంటివి మారతాయి. మారని అంశాల మీదే ఆధారపడిన స్కోరు మనిషిని అతని గతానికి కట్టేస్తుంది. ఎన్నేళ్ళు సవ్యంగా బతికినా ఆ అంకె తగ్గదు. అందుకే పునరావాస ప్రణాళికకు పనికొచ్చేవి మారే అంశాలే.

విచారణకు ముందు దశలో అమెరికాలో విస్తృతంగా వాడే పబ్లిక్ సేఫ్టీ అసెస్‌మెంట్ అనే స్కోరు సాధనం తొమ్మిది అంశాలను మాత్రమే చూస్తుంది. అరెస్టు నాటి వయసు, ప్రస్తుత అభియోగం హింసకు సంబంధించినదా, పెండింగులో కేసులున్నాయా, గతంలో కోర్టుకు హాజరు కాకుండా ఉన్నారా వంటివి అందులో ఉంటాయి. జాతి, ఆదాయం, చదువు, చిరునామా ఉండవు. ఈ రంగంలోని సాధనాల ఖచ్చితత్వాన్ని కొలిచే సూచిక సాధారణంగా 0.65 నుంచి 0.75 మధ్య ఉంటుంది. 0.5 అంటే నాణెం ఎగరేసినట్టు, 1 అంటే ఒక్క పొరపాటూ లేనట్టు. నాణెం కంటే మెరుగే, కానీ మనిషి స్వేచ్ఛను ఒంటరిగా తేల్చేంత మెరుగు కాదు.

జాతిని అడగని సాధనం కూడా పక్షపాతం చూపగలదా?

చూపగలదు. 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవార్డ్ కౌంటీలో అరెస్టయిన 7,000 మందికి పైగా వ్యక్తులకు, మళ్ళీ నేరం చేసే ముప్పును లెక్కించే కంపాస్ అనే సాధనం ఇచ్చిన స్కోర్లను తర్వాతి రెండేళ్ళ రికార్డులతో పోల్చింది. మళ్ళీ నేరం చేయని నల్లజాతీయుల్లో దాదాపు 45 శాతం మందికి ముప్పు ఎక్కువనే ముద్ర పడగా, అలా మళ్ళీ నేరం చేయని శ్వేతజాతీయుల్లో ఆ ముద్ర పడినవారు సుమారు 23 శాతం. సాధనాన్ని తయారుచేసిన కంపెనీ దీనికి ఇచ్చిన జవాబు కూడా అబద్ధం కాదు. ఒకే స్కోరు వచ్చిన నల్లవారిలోనూ తెల్లవారిలోనూ మళ్ళీ నేరం చేసినవారి శాతం దాదాపు సమానంగానే ఉందని ఆ కంపెనీ చూపింది.

ఇద్దరి లెక్కా ఎలా సరైనదవుతుంది? రెండు సమూహాల మూల రేట్లు వేరుగా ఉన్నప్పుడు, ఒకే స్కోరుకు ఒకే అర్థం ఉండడం, తప్పుడు ముద్రలు రెండు సమూహాల మీదా సమానంగా పడడం అనే రెండు న్యాయాలనూ ఏ సూత్రమూ ఒకేసారి తీర్చలేదని పరిశోధకులు ఆ తర్వాత గణితపరంగా నిరూపించారు. అంటే ఏ రకమైన న్యాయం కావాలో సమాజమే ఎంచుకోవాలి. ఆ ఎంపికను సాఫ్ట్‌వేర్ తయారీదారుకు వదిలేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

మరో లోతైన సమస్య కూడా ఉంది. ఇక్కడ నేరం అని లెక్కించేది నిజానికి అరెస్టును. పోలీసులు ఎక్కువగా తిరిగే వీధుల్లో అదే తప్పుకు ఎక్కువ అరెస్టులు జరుగుతాయి, ఆ అరెస్టులే డేటాగా మారి, అక్కడి వారి స్కోర్లను పెంచుతాయి. విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పులో ఇటువంటి స్కోరును శిక్ష విధించేటప్పుడు చూడవచ్చు గానీ అదే నిర్ణాయకం కాకూడదని, దాని పరిమితులను తెలిపే హెచ్చరికలు నివేదికతో పాటే ఉండాలని చెప్పింది.

వైద్యంలో ముప్పు స్కోర్లు ఎలా పనిచేస్తాయి?

చాలా మంది జీవితం ఒక స్కోరుతోనే మొదలవుతుంది. మత్తు వైద్య నిపుణురాలు వర్జీనియా ఆప్గార్ 1952లో రూపొందించిన పద్ధతిలో నవజాత శిశువు గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, ఒంటి రంగులకు ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేసి, పుట్టిన ఒక నిమిషానికీ, ఐదు నిమిషాలకూ కూడి చూస్తారు. ఆమె సాధించిన గొప్ప విషయం, అప్పటిదాకా పక్కకు తప్పించిన బిడ్డ వైపు గదిలో ఉన్నవారంతా ఒక నిమిషం తప్పనిసరిగా చూసేలా చేయడం. గుండెజబ్బుల విషయంలో, 1948లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 5,209 మందితో మొదలైన అధ్యయనం నుంచి రక్తపోటు, కొలెస్టరాల్, పొగతాగడం వంటి అంశాలతో పదేళ్ళ ముప్పును లెక్కించే పద్ధతి పుట్టింది.

ఆసుపత్రి వార్డులో ఇది ఎలా ఉపయోగపడుతుందో దగ్గరగా చూద్దాం. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రవేశపెట్టి, 2017లో సవరించిన నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోరును తీసుకోండి. ఒక రోగి మెలకువగా ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, ఆక్సిజన్ పెట్టలేదు. శ్వాస నిమిషానికి 22, దానికి 2 మార్కులు. రక్తంలో ఆక్సిజన్ 93 శాతం, 2 మార్కులు. పై రక్తపోటు 104, 1 మార్కు. నాడి 114, 2 మార్కులు. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్, 1 మార్కు. స్పృహ మామూలుగా ఉంది కాబట్టి 0. వీటిలో ఏ ఒక్క అంకెనూ విడిగా చూసి ఎవరూ పరుగెత్తరు. కూడితే 8 వచ్చింది. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అత్యవసర బృందాన్ని పిలవాలని ఆ పద్ధతి చెబుతుంది. ఐదు చోట్ల చెదురుగా ఉన్న చిన్న సూచనలను ఒక్కచోటికి చేర్చి, డ్యూటీలో ఉన్న నర్సు నిస్సంకోచంగా సీనియర్ డాక్టరును పిలవగలిగే అధికారాన్ని ఇవ్వడమే దీని బలం. స్కోరు వేసి చార్టులో వదిలేసి, ఎవరూ రాకపోతే ఆ మార్కులు వేసి ప్రయోజనం లేదు.

వైద్య సాధనాల్లోనూ పక్షపాతం ఉంటుందా?

ఉంటుంది, అదీ ఎవరికీ దురుద్దేశం లేకుండానే. అమెరికాలో అదనపు సంరక్షణ ఎవరికి అందించాలో ఎంచడానికి విస్తృతంగా వాడిన ఒక అల్గారిథమ్‌ను పరిశీలించిన 2019 నాటి అధ్యయనం, అది జబ్బు తీవ్రతకు బదులు రాబోయే వైద్య ఖర్చును లెక్కిస్తోందని చూపింది. వైద్యం అందుబాటులో లేనివారి మీద ఖర్చు తక్కువే అవుతుంది కాబట్టి, అంతే జబ్బుతో ఉన్న నల్లజాతీయులకు స్కోరు తక్కువ వచ్చింది. ఆ లోపాన్ని సరిచేస్తే అదనపు సహాయానికి ఎంపికయ్యేవారిలో వారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. సాధనం దేన్ని కొలుస్తోంది, దేని పేరు చెప్పి కొలుస్తోంది అన్నది మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న.

పర్యావరణ భద్రతలో సురక్షిత పరిమితిని ఎలా నిర్ణయిస్తారు?

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1983లో వివరించిన నాలుగు దశలే నేటికీ ఆధారం. ఆ పదార్థం ఏ హాని చేయగలదో గుర్తించడం, ఎంత మోతాదుకు ఎంత హాని జరుగుతుందో తేల్చడం, మనుషులకు అది ఏ దారిలో ఎంత చేరుతోందో కొలవడం, చివరికి ఈ మూడింటినీ కలిపి ముప్పును వర్ణించడం.

ఊహాత్మకంగా ఒక లెక్క వేద్దాం. జంతువుల మీద జరిపిన పరీక్షలో శరీర బరువు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాముల వరకు ఏ హానీ కనిపించలేదు. జంతువుకూ మనిషికీ ఉన్న తేడా కోసం దాన్ని 10తో భాగిస్తారు. మనుషుల్లోనే గర్భిణులు, వృద్ధులు, జబ్బుపడినవారు మరింత సున్నితంగా ఉంటారు కాబట్టి మళ్ళీ 10తో భాగిస్తారు. మిగిలింది కిలోకు 0.05 మిల్లీగ్రాములు. 20 కిలోల బరువున్న పిల్లవాడికి రోజుకు 1 మిల్లీగ్రాము. ఇప్పుడు ఆ పిల్లవాడు తాగే నీరు, తినే తిండి, పీల్చే గాలి అన్నీ కలిపి ఈ పరిమితి దాటుతున్నాయా అని చూడాలి. పిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దలకంటే ఎక్కువ తింటారు, తాగుతారు, నేల మీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. అమెరికా 1996లో చేసిన ఆహార నాణ్యత చట్టం పురుగుమందుల విషయంలో పిల్లల కోసం మరో పదింతల రక్షణను చేర్చింది.

క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చాలావాటికి ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని భావించి, జీవితకాలంలో అదనంగా ఎందరికి క్యాన్సర్ రావచ్చో లెక్కిస్తారు. కలుషిత స్థలాల శుద్ధిలో అమెరికా పర్యావరణ సంస్థ పది లక్షల మందిలో ఒకరి నుంచి పది వేల మందిలో ఒకరి వరకు ఉన్న శ్రేణిని ప్రమాణంగా పెట్టుకుంది. ఆ శ్రేణిలో ఎక్కడ ఆగాలో చెప్పేది రసాయన శాస్త్రం కాదు.

కాగితం మీద అన్ని రక్షణలూ ఉంటే కర్మాగారం సురక్షితమేనా?

1984 డిసెంబరు నాటి భోపాల్ దుర్ఘటన ఈ ప్రశ్నకు బాధాకరమైన జవాబు. మిథైల్ ఐసోసైనేట్ అనే విష రసాయనం నిల్వను చల్లబరిచే శీతలీకరణ యూనిట్, లీకైన వాయువును శుద్ధి చేసే స్క్రబ్బర్, దాన్ని కాల్చేసే ఫ్లేర్ టవర్ అన్నీ అక్కడ ఉన్నాయి. కానీ శీతలీకరణను ముందే ఆపేశారు, ఫ్లేర్ టవర్ మరమ్మతు కోసం విడదీసి ఉంది, స్క్రబ్బర్ అంత వాయువును తట్టుకోలేకపోయింది. ఒక రక్షణ విఫలమయ్యే అవకాశం వందలో ఒకటి, మరొకటి కూడా వందలో ఒకటి, రెండూ ఒకేసారి విఫలం కావడం పదివేలలో ఒకటి అని గుణించే లెక్క, ఆ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విఫలమవుతాయన్న ఊహ మీద నిలబడింది. నిర్వహణ ఖర్చులో కోత పెడితే అన్నీ ఒకేసారి బలహీనపడతాయి. అందుకే మంచి తనిఖీ అధికారి రక్షణ ఉందా అని అడిగి ఊరుకోడు, చివరిసారి దాన్ని నడిపి చూసిన తేదీ చూపమంటాడు.

ఆధారాలు చాలనప్పుడు ఏం చేయాలి?

తీవ్రమైన, తిరిగి సరిదిద్దలేని హాని పొంచి ఉన్నప్పుడు పూర్తి శాస్త్రీయ నిర్ధారణ లేదన్న సాకుతో నివారణ చర్యలను వాయిదా వేయకూడదని పర్యావరణం, అభివృద్ధిపై ప్రపంచ దేశాలు చేసిన 1992 నాటి రియో ప్రకటనలోని 15వ సూత్రం చెబుతుంది. చర్య తీసుకోవడంలోనూ ముప్పు ఉండవచ్చు కాబట్టి, రెండు వైపులా పోల్చి చూడాలి.

పిల్లల సంరక్షణలో అంచనా ఎందుకంత కష్టం?

ఇక్కడ రెండు తప్పులూ భరించరానివే. ప్రమాదంలో ఉన్న బిడ్డను ఆ ఇంట్లోనే వదిలేస్తే ప్రాణం పోవచ్చు. క్షేమంగా ఉన్న బిడ్డను తల్లి ఒడి నుంచి తీసుకుపోతే ఆ గాయం ఎన్నేళ్ళకు మానుతుందో చెప్పలేం. మొదటి తప్పు వార్తల్లో వస్తుంది, రెండోది నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. అందువల్ల ఒక మరణం వార్త వచ్చినప్పుడల్లా అధికారులు రెండో తప్పు వైపు ఒరుగుతారు.

ముందుగా రెండు ప్రశ్నలను విడదీయాలి. ఈ క్షణంలో బిడ్డకు ప్రమాదం ఉందా అన్నది భద్రతా అంచనా. రాబోయే నెలల్లో మళ్ళీ హింస గానీ నిర్లక్ష్యం గానీ జరిగే అవకాశం ఎంత అన్నది ముప్పు అంచనా. మొదటిదానికి జవాబు అవును అయితే వెంటనే రక్షణ కల్పించాలి. రెండోదానికి జవాబు ఎక్కువ అయితే ఆ కుటుంబానికి సహాయం ఎక్కువగా, త్వరగా అందాలి. రెండో అంకె చూపి మొదటి చర్య తీసుకోవడం ఘోరమైన పొరపాటు.

పెన్సిల్వేనియాలోని అల్లెఘనీ కౌంటీ 2016 ఆగస్టు నుంచి ఫోనులో వచ్చిన ఫిర్యాదులకు 1 నుంచి 20 వరకు స్కోరు ఇచ్చే సాధనాన్ని వాడుతోంది. విచారణకు పంపాలా వద్దా అన్న నిర్ణయానికే దాని వాడకం పరిమితం. అయినా దాని మీద వచ్చిన విమర్శను తోసిపుచ్చలేం. ప్రభుత్వ మానసిక వైద్యం, జైలు రికార్డుల వంటి వాటి నుంచి ఆ స్కోరు పుడుతుంది. డబ్బున్నవారు ప్రైవేటు వైద్యుల దగ్గరికి వెళ్తారు కాబట్టి వారి కష్టాలు ఆ డేటాలో కనిపించవు. పేదరికాన్నే పిల్లల పట్ల నిర్లక్ష్యమని పొరబడే ముప్పు ప్రతి దేశంలోనూ ఉంది. పలకా బలపం కొనలేని తల్లి బిడ్డను నిర్లక్ష్యం చేస్తున్నట్టు కాదు.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో మోసాలను పసిగట్టడానికి వాడిన ముప్పు నమూనాలో జాతీయత కూడా ఒక సూచికగా ఉండేది. వేలాది కుటుంబాలను తప్పుగా మోసగాళ్ళుగా ముద్రవేసి, మొత్తం సొమ్ము తిరిగి కట్టమన్నారు. ఆ వ్యవహారం మీద 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వమే రాజీనామా చేసింది.

ముప్పు ఎక్కువ, తక్కువ అన్న గీతను ఎవరు గీస్తారు?

స్కోరు 5 దగ్గర గీత గీస్తే ఎక్కువ మంది దొరుకుతారు, తప్పుడు హెచ్చరికలూ పెరుగుతాయి. 8 దగ్గర గీస్తే హెచ్చరికలు తగ్గుతాయి, కొందరు తప్పించుకుంటారు. ఒక నిజమైన ప్రమాదాన్ని పట్టుకోవడానికి ఎన్ని తప్పుడు హెచ్చరికలను భరించవచ్చన్నది విలువలకు సంబంధించిన నిర్ణయం. రక్తపరీక్ష మళ్ళీ చేయించడం అనే చర్యకు పది తప్పుడు హెచ్చరికలైనా భరించవచ్చు. జైల్లో ఉంచడం అనే చర్యకు అదే లెక్క చెల్లదు. కాబట్టి గీతను గీసినవారి పేరు, హోదా, చెప్పిన కారణం బహిరంగంగా ఉండాలి.

నా గురించి ఇటువంటి అంచనా వేస్తే నేను ఏం అడగవచ్చు?

ఏ సమాచారం వాడారు, అది సరైనదేనా, తప్పుంటే ఎలా సరిదిద్దించుకోవాలి, ఈ సాధనాన్ని నావంటి జనాభా మీద పరీక్షించారా, ఎంతమంది విషయంలో అది తప్పింది, తుది నిర్ణయం ఎవరిది, ఎవరికి అప్పీలు చేయాలి అని అడగండి. యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ నియమావళిలోని 22వ అధికరణ, కొన్ని మినహాయింపులతో, తీవ్ర ప్రభావం చూపే నిర్ణయాలను పూర్తిగా యంత్రానికే వదిలేయకుండా రక్షణ ఇస్తుంది. ఒక వ్యక్తి నేరం చేస్తాడని అతని స్వభావ లక్షణాలు, ప్రొఫైలింగ్ (వ్యక్తిగత సమాచారాన్ని బట్టి మనిషిని అంచనా కట్టడం) మీద మాత్రమే ఆధారపడి కృత్రిమ మేధతో జోస్యం చెప్పడాన్ని 2024లో చేసిన యూరోపియన్ కృత్రిమ మేధ చట్టం నిషేధించింది. ఆ నిషేధం 2025 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

ఒకసారి వేసిన అంచనా ఎంతకాలం చెల్లుతుంది?

రంగాన్ని బట్టి మారుతుంది. పైన చెప్పిన ఆసుపత్రి పద్ధతిలో స్కోరు 0 ఉన్న రోగిని కనీసం 12 గంటలకోసారి, 1 నుంచి 4 ఉంటే 4 నుంచి 6 గంటలకోసారి, 5 లేదా 6 ఉంటే కనీసం గంటకోసారి, 7 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే నిరంతరం పరిశీలించాలి. పిల్లల ఫైలును ఇంట్లోకి కొత్త వ్యక్తి వచ్చినప్పుడు, తల్లిదండ్రులు విడిపోయినప్పుడు, కొత్త బిడ్డ పుట్టినప్పుడు గడువుతో పని లేకుండా మళ్ళీ తెరవాలి. కర్మాగారంలో ఒక వాల్వు మార్చినా, ఒక షిఫ్టులో సిబ్బందిని తగ్గించినా పాత అంచనా పాతబడినట్టే. కోర్టు ఫైలులో మూడేళ్ళ కిందటి స్కోరు కనిపిస్తే, దాని తేదీ ఏమిటి, అప్పటి నుంచి ఆ వ్యక్తి జీవితంలో ఏమేం మారాయి అని న్యాయవాది అడగాలి.